బ్యాకు స్థానము

సాయంకాలము బడి విడువగనే మా బాలురు బంతి గైకొని మైదానమునకు పరుగిడుదురు. జట్లు పంచుకొనునపుడు ప్రతివాడును ఫార్వర్డుగా నుండగోరును. బ్యాకు స్థానమున మాత్రము చిన్నవానినో, పరుగెత్తలేని వానినో బలవంతముగా నిలుపుదురు. మేము ట్రెయినింగు కాలేజీలో చదివిన నాటనుండి యీ పద్ధతిని చూచుచునే యున్నాము. గోలు కొట్టినవాని పేరు ఇంటివరకు పోవును. గోలు కాకుండ అడ్డుకొన్నవాని పేరు మైదానము దాటదు. పోలవరము వారికీ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. గోదావరి పొంగిన దినములందు తప్ప ఏటిగట్టును తలచు వారెవరు?

అట్టి స్థానమున నిలిచియే దేశమునకు నాయకుడైన సయ్యద్ నయీముద్దీన్ గారిని గూర్చి మా విద్యార్థులకు తెలుపదలచితిమి.

ఆయన 1944లో హైదరాబాదున జన్మించిరి. ఆ కాలమున ఆ నగరము ఫుట్‌బాలుకు పుట్టినిల్లు. (కలకత్తావారు మాపై కోపగింతురు గాక!) హైదరాబాదు సిటీ పోలీసు జట్టువారు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలిచిరి. వారి శిక్షకులు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. ఆయన మావలెనే బడిపంతులు. ఈ మాట వ్రాయునపుడు మాకు కొంత గర్వము కలుగుచున్నదని దాచనేల? ఆయన శిక్షణలోనే మన దేశపు జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకమును గెలిచెను. 1956లో మెల్బోరన్ ఒలింపిక్సునందు నాలుగవ స్థానము పొందెను. బాలురచేత బలహీనమైన కాలితోనే ఆడించుట, బంతిని తనయొద్ద నుంచుకొనక వెంటనే అందించు నభ్యాసము చేయించుట ఆయన పద్ధతులు. 1963లో ఆయన మరణించిరి.

నయీముద్దీన్ గారు ఆ హైదరాబాదు పోలీసు జట్టులో నాడి, పిమ్మట కలకత్తా చేరి ఈస్టు బెంగాలు, మోహన్ బగాను మొదలగు గొప్ప జట్లలో బ్యాకుగా పేరొందిరి. 1970 డిసెంబరులో బాంకాకున జరిగిన ఆసియా క్రీడలలో మన జట్టునకు నాయకులు వారే. సెమీ ఫైనలున బర్మావారి చేతిలో ఓడినను, మూడవ స్థానపు ఆటలో మనవారు జపానును ఒక గోలుతో గెలిచి కంచు పతకము తెచ్చిరి. ఆ జపాను సామాన్యమైన దేశము కాదు. రెండేండ్లకు ముందే మెక్సికో ఒలింపిక్సులో మూడవ స్థానము పొందిన దేశము. ఒక్క గోలు ఆధిక్యము నిలుపుకొనుటకు బ్యాకులు పడు శ్రమ యెట్టిదో ఆడినవారికే తెలియును. ఆ సంవత్సరమే ఆయనకు అర్జున బహుమానము లభించెను.

ఆట విరమించిన పిదప ఆయన శిక్షకులైరి. క్రమశిక్షణ విషయమున మిక్కిలి కఠినులని ప్రసిద్ధి. ఆటగాండ్ర భోజనమును గూడ కనిపెట్టి చూచెడివారట. 1990లో ఈస్టు బెంగాలు జట్టు ఆయన పర్యవేక్షణలో డ్యూరాండు, రోవర్సు, ఐ.ఎఫ్.ఏ. షీల్డు అను మూడు కప్పులను ఒకే యేట గెలిచెను. ద్రోణాచార్య బహుమానమును ఆ యేటిదే. 2005లో దేశపు జట్టునకు మరల శిక్షకులై, ఆ డిసెంబరున కరాచీలో దక్షిణాసియా కప్పును గెలిపించిరి.

ఇక వ్రాయుటకు మనసొప్పని భాగము. 2006 ఫిబ్రవరిలో యొకొహామా నగరమున అదే జపాను మన జట్టును ఆరు గోలులతో ఓడించెను. మనవారు ఒక్కటియు కొట్టలేదు. మార్చి మొదటి తేదీన యెమెను మూడు గోలులతో గెలిచెను. ఆ యేటనే నయీముద్దీన్ గారు పదవి కోల్పోయి, ఇంగ్లండు దేశపు శిక్షకుడొకరు వచ్చిరి. నాయకుడుగా తాను జయించిన దేశముచేతనే, ముప్పది యైదేండ్ల పిమ్మట శిక్షకుడుగా ఓటమి చూచుట ఎంత కష్టమో చదువరులు ఊహింతురు గాక.

ఆ ఓటమి ఆయన ఒక్కరిదని మేమొప్పుకొనము. ఆ ముప్పది యైదేండ్లలో జపానువారు ఊరకుండలేదు. 1993లో వృత్తి క్రీడాకారుల లీగు ఆటలను ప్రారంభించి, 1998లో ప్రపంచ కప్పునకు చేరిరి. మనవారో, 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలవరకును బాంకాకు పతకము తరువాత మరియొక పతకము నెరుగరు. పండ్రెండేండ్ల ప్రాయమున కాలికి రావలసిన నేర్పు, ఇరువదియైదేండ్ల వానికి కొలది మాసములలో ఏ శిక్షకుడు నేర్పగలడు? అది మనవంటి బడులలో జరుగవలసిన పని. సాయంకాలము బంతి ముట్టినచో మార్కులు తగ్గునని భయపడు తలిదండ్రులతో మాకు ప్రతి యేటను వాదము తప్పదు. రహీమ్ గారు పంతులేనని వారికి జ్ఞాపకము చేయుచుందుము.

ఈ యేడు వర్షములు వెనుకబట్టి మైదానము ఆరిన పిమ్మట, వారమునకొక దినము ఎడమకాలి యాట ఆడింప నిశ్చయించితిమి. ఆ దినమున మన ఫార్వర్డులందరును బ్యాకులుగా నిలువవలెను. వారి ముఖములు ఎట్లుండునో మాకిప్పుడే కనబడుచున్నవి.