నాన్న కథకి 101 అక్షరాల అడ్రసు

తెలుగు మాస్టారుగా రిటైరయ్యాక నాన్న వాళ్ల ఊరి కబుర్లు రాయడం మొదలెట్టారు. నేను ఒక చిన్న సర్వర్ అద్దెకి తీసుకుని వర్డ్‌ప్రెస్ పెట్టిచ్చాను. రాత బాగుంది. కానీ లింకు పంపితే ఆయన స్నేహితులెవరూ నొక్కట్లేదు! లింకు చివర ఒక ప్రశ్నార్థకం, పి అక్షరం, ఏదో నంబరు. "ఇదేదో బ్యాంకు మోసంలా ఉంది మాస్టారూ" అన్నారట ఒకాయన. ఆయన్నేం అనగలం? తెలియని లింకులు నొక్కొద్దని అందరూ చెప్తున్నదేగా.

ఊళ్లో పోస్ట్‌మ్యాన్‌కి ఇంటి నంబరు అక్కర్లేదు, 'మాస్టారి ఇల్లు' అంటే చాలు. సర్వర్‌కీ ఆ తెలివి నేర్పొచ్చు. అపాచీ సర్వర్‌కి ఈ పని చేసిపెట్టే 'మాడ్ రీరైట్'ని రాల్ఫ్ ఎంగెల్‌షాల్ 1996లోనే రాశాడు. దాని రూల్స్ హెచ్‌టీయాక్సెస్ అనే ఫైల్లో పెడతారు. నాది ఎన్‌జిన్‌ఎక్స్. అది ఆ ఫైలు వంక కూడా చూడదు. దీనికి కాన్ఫిగ్‌లో 'ట్రై ఫైల్స్' అని ఒక్క లైను ఉండాలి. అడిగిన పేరుతో ఫైలుందా చూడు, లేకపోతే ఫోల్డరుందా చూడు, రెండూ లేకపోతే వర్డ్‌ప్రెస్‌కి అప్పగించు. అంతే. ఈ లైను లేకపోతే హోమ్ పేజీ బాగానే వస్తుంది, లోపల ఏది నొక్కినా 404.

అసలు గొడవ ఆ తర్వాతే. "తెలుగు కథకి ఇంగ్లీషు పేరేంటమ్మా?" అన్నారు నాన్న. న్యాయమే. 'మా ఊరి చెరువు' అని తెలుగులోనే పెట్టాం. బ్రౌజర్లో ముచ్చటగా కనిపించింది. కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే మాత్రం అన్నీ పర్సెంట్ గుర్తులే! యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి 3 బైట్లు, లింకులో ఒక్కో బైటూ 3 గుర్తులవుతుంది. అంటే అక్షరానికి 9. గుణింతం గుర్తుకి ఇంకో 9, ఒత్తుంటే మళ్లీ అదనం. ఆ మూడు మాటలకి, మధ్యలో రెండు గీతలతో కలిపి, 101. పైగా వర్డ్‌ప్రెస్ ఈ పేరుని 200 దగ్గర కత్తిరిస్తుంది. నాన్న శీర్షికలు అంత పొట్టిగా ఉండవు. 22 గుర్తులు దాటితే తోక తెగినట్టే. మన భాషకి ఇంత ఇరుకు చోటా అని నాకూ కోపమొచ్చింది.

ఆఖరికి రాజీపడ్డాం. పేజీలో శీర్షిక తెలుగులో, అడ్రసులో మాత్రం తెలుగు మాటే ఇంగ్లీషు అక్షరాల్లో. పాత నంబరు లింకులు నొక్కినా వర్డ్‌ప్రెస్ 301తో కొత్త అడ్రసుకే పంపేస్తుంది, కాబట్టి పంపినవేవీ వృథా కాలేదు.

బ్యాంకు మోసం అన్నాయన మొన్న ఫోన్ చేసి, చెరువు తూము తూర్పున కాదు ఉత్తరాన ఉండేదని అరగంట వాదించారు. నాన్న ఆ పేరా తిరగరాస్తున్నారు. తర్వాతి కథ ఏఱు గురించట. ఆ బండి 'ఱ'ని ఇంగ్లీషులో ఎలా రాయాలో మా ఇంట్లో ఇంకా తేలలేదు.