ఒళ్ళూ, తూకమూ

మా చీరాల వాళ్ళని తూకంలో మోసం చెయ్యడం అంత తేలిక కాదండీ. ఒక పక్క నేత, ఒక పక్క పొగాకు, కాస్త ఎగువకి పోతే పత్తీ మిరపా. అందరివీ కాటాతో ముడిపడ్డ బతుకులే గదా! మిరప బస్తా బజారుకి వచ్చిందనుకోండి, కొనేవాడు ముందుగా కాటావంక చూడడు. బస్తాలో చెయ్యిపెట్టి గుప్పెడు కాయలు తీసి నలిపి చూస్తాడు. గలగలలాడితే ఒక ధర, మెత్తగా అణిగితే ఇంకొక ధర. "రాత్రికి రాత్రి నీళ్ళు చల్లావుటయ్యా?" అని మొహాన్నే అడిగేస్తాడు కూడాను. బట్ట సంగతీ అంతే. గంజి దట్టంగా పట్టించిన బట్ట చేతికి బరువుగానే ఉంటుంది. ఒక్క ఉతుకు పడ్డాక గాని దాని అసలు నూలెంతో బయటపడదు.

ఇన్ని తెలిసిన మా ఊళ్ళోనే, ఒక మనిషి రెండు నెలల్లో ఎనిమిది కిలోలు పెరిగితే మాత్రం ఎవ్వరూ నలిపి చూడరు! "ఒళ్ళు చేశావమ్మా, మొహంలో కళ వచ్చింది" అంటారు ఆడవాళ్ళు. "ఏమండోయ్, వ్యాపారం బాగున్నట్టుందే!" అంటారు మగవాళ్ళు. ఈ కాలపు పిల్లలయితే "తిండి తగ్గించు పెద్దమ్మా, పొద్దున్నే లేచి నడు" అని సలహా పారేస్తారు. ఒకరికి అది అదృష్టం, ఒకరికి బద్ధకం. అసలది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగేవారు ఏరీ?

మా పిన్ని సంగతి చెబుతాను. పేరాలలో వాళ్ళకి సొంత మగ్గం ఉంది. చిన్నతనం నుంచీ గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూచుని నేసిన మనిషి. యాభై దాటేసరికి మోకాళ్ళూ నడుమూ పట్టేశాయి. గుంటలోంచి లేవాలంటే ఇద్దరు చెయ్యి ఆసరా ఇవ్వాలి. అట్లాంటి రోజుల్లో ఎవరో చెప్పారని పొరుగూరునించి పొట్లాల మందు తెప్పించుకుంది. పొట్లం మీద పేరూ లేదు, ఊరూ లేదు. "అంతా వేళ్ళూ ఆకులేనమ్మా" అన్నారుట ఇచ్చినవారు. ఏం వేళ్ళో, ఏం ఆకులో గాని, నాలుగో రోజుకల్లా పిన్ని తనంతట తను లేచి నడిచింది! ఇంటిల్లిపాదీ సంతోషించారు. సంతోషించరూ మరి?

శ్రావణమాసంలో కుట్టించిన జాకెట్టు దసరాకి పట్టలేదు. మొదటి తగవు దర్జీతో. "కొలత ప్రకారమే కుట్టానండీ తల్లీ!" అని అతను మొత్తుకున్నాడు. రెండో నేరం గేదె మీదికి పోయింది. ఈని మూడు నెలలయింది గదా, ఆ మీగడే ఒంటికి పట్టిందని మా బామ్మ తేల్చేసింది.

"ఆ గేదె పాలు నేనూ తాగుతున్నానే, నాకెందుకు పట్టలేదూ?" అన్నాడు బాబాయి, తన డొక్కలు చూపిస్తూ.

ఆ ప్రశ్నకి మా ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు.

కార్తీకంలో ఒక పెళ్ళికి పిన్నికి చీర కట్టుకోవడానికి సాయం చేస్తూ దగ్గరగా చూశాను. మొహం పున్నమి చంద్రుడిలాగ గుండ్రమయింది. మెడ వెనక మూపులాగ కండ పెరిగింది. పొట్ట పెరిగి, దానిమీద ఊదారంగు చారలు తేలాయి. కాని చేతులూ కాళ్ళూ చూస్తే పుల్లలు! గాజు కాస్త గట్టిగా తగిలిన చోటల్లా చర్మం కమిలి నీలం మచ్చ. మీగడవల్ల పెరిగిన ఒళ్ళయితే ఒకచోట పెరిగి, ఇంకొకచోట తరుగుతుందా? పెళ్ళి భోజనాలు కాగానే బాబాయితో మాట్లాడి, ఆ వారంలోనే ముగ్గురం గుంటూరు వెళ్ళాం.

డాక్టరుగారు మొట్టమొదట అడిగిన ప్రశ్న, "ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అని.

"ఏ మందులూ లేవండీ" అంది పిన్ని. అబద్ధం కాదు, పొట్లాన్ని ఆవిడ ఎన్నడూ మందుల లెక్కలో వెయ్యలేదు. నేను సంచీలోంచి పొట్లం తీసి బల్లమీద పెట్టాను. ఆయన దాన్నొకసారి చూసి, పిన్ని మొహం ఒకసారి చూసి, రక్తపరీక్షలు రాశారు. చక్కెర పెరిగింది, రక్తపోటు పెరిగింది. వేళ్ళూ ఆకులూ అన్న పొడిలో స్టీరాయిడ్ కలిసిందన్నమాట.

స్టీరాయిడ్ అనగానే అదేదో విషం అనుకోకండి. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు, కీళ్ళవాతంతో కదలలేని ఒక యువతికి కార్టిజోన్ అనే మందు ఇస్తే, ఆమె కొద్దిరోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆయనకీ, మరిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటికీ ఉబ్బసం మొదలు ఎన్నో జబ్బుల్లో ఆ జాతి మందులు ప్రాణాలు నిలబెడుతున్నాయి. కాని దానికొక కొలతా, ఒక గడువూ ఉన్నాయి. అది ఒంట్లో ఎక్కువయితే మొహం, మెడ, పొట్ట ఎల్లా పెరుగుతాయో హార్వే కుషింగ్ అనే శస్త్రవైద్యుడు 1932లోనే రాసిపెట్టాడు. ఆయన చూసిన రోగులకి ఆ రసం ఒంట్లోనే ఎక్కువగా ఊరేది. మా పిన్నికి పొట్లంలో వచ్చింది, అంతే తేడా.

సంగతి విని పిన్ని, "ఈ పాడుమందు ఇప్పుడే మురిక్కాలవలో పారేస్తాను" అని లేచింది. డాక్టరుగారు ఆవిడకంటె ముందే లేచారు.

"అమ్మా, ఆ పని మాత్రం చెయ్యకండి! మూత్రపిండాల మీద టోపీల్లాగ రెండు గ్రంథులున్నాయి. రోజూ ఈ రసం తయారుచెయ్యడం వాటి పని. బయటినించి సరుకు వచ్చిపడుతుంటే అవి పని మానేసి నిద్రపోతాయి. ఇప్పుడు హఠాత్తుగా పొట్లం ఆపితే, బయటిదీ లేదు, లోపలిదీ లేదు. వాంతులు పట్టుకుని, రక్తపోటు పడిపోయి, ప్రాణం మీదికి వస్తుంది."

పొట్లానికి బదులు కొలతగల మాత్ర ఇచ్చి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. ఆ వేసవికి పిన్ని మొహం మళ్ళీ పిన్ని మొహమయింది. కాని మోకాళ్ళ నొప్పి కూడా తిరిగివచ్చింది. ఇప్పుడు పూటకి రెండు గంటలే నేస్తుంది. ఒకనాడు, "లేవలేని రోజున లేపింది ఆ పొట్లమేనే అమ్మాయ్" అంది మెల్లిగా. అందులోని బాధ నాకు తెలియకపోలేదు. నొప్పితో ఉన్న మనిషిని తప్పుపట్టడం సులువు. పేరు రాయకుండా పొట్లం కట్టిన చేతిని గదా అడగవలసింది!

ఈ ఒక్క కారణమే కాదండీ. కొన్ని బరువులు కొవ్వూ కావు, కండా కావు, ఒట్టి నీళ్ళు. లెక్క చూడండి. ఒక కిలో కొవ్వు కూడాలంటే ఒంటికి కావలసినదానికి పైన సుమారు 7,700 కెలోరీలు తినాలి. 100 గ్రాముల నెయ్యిలో సుమారు 900 ఉంటాయి. అంటే మూడు రోజుల్లో రెండు కిలోల కొవ్వు పట్టాలంటే, రోజూ తినే భోజనం మీద అదనంగా 1,700 గ్రాముల నెయ్యి సేవించాలన్నమాట! ఏ భోజనప్రియుడివల్ల అవుతుందీ? నీళ్ళయితేనో, రెండు లీటర్లు చాలు. అందుకే రోజుకి కిలో చొప్పున, వారానికి రెండు కిలోలకి పైన పెరిగితే తిండిమీద నేరం మోపక, గుండె, మూత్రపిండాలు, కాలేయం ఎల్లా ఉన్నాయో చూపించుకోవాలి. సాయంత్రానికి మెట్టెలు బిగుస్తాయి, చెప్పులు పట్టవు, కాలిముందు ఎముకమీద బొటనవేలితో నొక్కితే పడ్డ గుంట వెంటనే పూడదు. దానికి తోడు పడుకుంటే ఆయాసం వచ్చిందా, తెల్లవారేదాకా ఆగవద్దు. ఇట్లాంటివారికి మన ఊరగాయ జాడీలో ఉప్పు మరింత చెరుపు.

మా తోడికోడలిది ఇంకొక దారి. మనిషి కొద్దిగానే పెరిగింది, అయిదు కిలోలు దాటలేదు. కాని రోహిణీకార్తెలో దుప్పటి కప్పుకునేది! గొంతు బొంగురుపోయింది, జుట్టు రాలింది, మలబద్ధకం, పట్టపగలు కునికిపాట్లు. "బద్ధకం" అని అత్తవారింట పేరు పడిపోయింది పాపం. చివరికి చిన్న రక్తపరీక్షతో తేలింది, థైరాయిడ్ గ్రంథి పని మందగించిందని. 1891లో జార్జి మర్రే అనే ఇంగ్లీషు వైద్యుడు, ఇదే జబ్బుతో ఉన్న 46 ఏళ్ళ స్త్రీకి గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించి బాగుచేశాడు. ఆవిడ ఆ తరవాత 28 ఏళ్ళు బతికింది. ఇప్పుడు గొర్రెతో పనిలేదు. పరగడుపున చిన్న మాత్ర. ఆ మాత్రతో మా తోడికోడలి బరువు తగ్గింది కొంచెమే, బద్ధకమన్న పేరు మాత్రం పూర్తిగా పోయింది.

పెళ్ళికెదిగిన పిల్ల ఒళ్ళు చేసి, నెలసరి తప్పుతూ, గడ్డంమీద వెంట్రుకలు వస్తుంటే అది అండాశయాల, హార్మోన్ల తేడా కావచ్చు. పిల్లని దెప్పి ప్రయోజనం లేదు. పొట్ట ఒక్కటే ఉబ్బుతూ మనిషి చిక్కిపోతుంటే, అది ఒళ్ళు చెయ్యడం కానేకాదు, వెంటనే చూపించాలి. చక్కెరజబ్బుకిచ్చే ఇన్సులినూ కొన్ని మాత్రలూ, మనోవ్యాధికిచ్చే కొన్ని మందులూ బరువు పెంచుతాయి. వాటినీ మనంతట మనం ఆపకూడదు. డాక్టరుకి చెబితే మార్చే వీలుంటుంది. చుట్టో సిగరెట్టో మానినవారు మొదటి ఏడాదిలో నాలుగైదు కిలోలు పెరగడం మామూలే. పొగాకు ఊరివాళ్ళం గనక గట్టిగా చెబుతున్నాను, ఆ నాలుగు కిలోలకి జడిసి మళ్ళీ అంటించకండి. అంతకంటె నష్టపు బేరం లేదు.

అసలు తిండివల్ల, కదలకపోవడంవల్ల పెరిగేవారు లేరని కాదు; వారే ఎక్కువ. కాని ఆ పెరుగుదల ఏళ్ళమీద, చడీచప్పుడూ లేకుండా జరుగుతుంది. నెలల్లో వచ్చిన బరువు వేరు, రోజుల్లో వచ్చిన బరువు వేరు. అందుకని మా ఇంట్లో నెలకోసారి, పొద్దున్నే కాఫీకి ముందు అందరం కాటా ఎక్కి, అంకె క్యాలెండరు మీద రాస్తాం. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలు, లేహ్యాలు, పొట్లాలు అన్నీ ఒక సంచీలో వేసుకు వెళతాం, మందు అనుకున్నవీ, అనుకోనివీ కూడా.

ఈసారి ఏ పెళ్ళిలోనో చుట్టాన్ని చూసి "ఒళ్ళు చేశావే!" అనబోతే, అనండి, తప్పులేదు. దాని వెనకాలే "ఎప్పటినించీ?" అని ఇంకొక్క మాట అడగండి.