మొక్క తన్ను తాను రక్షించుకొను విధము

ఒకమారు తట్టు వచ్చి తగ్గిన బిడ్డకు అది మరల రాదని తల్లులందఱు నెఱుగుదురు. నెత్తురు లేని మొక్కకు అట్టి రక్షణ కలదా? 1928వ సంవత్సరమున అమెరికాలోని వర్జీనియా రాష్ట్రములో వింగార్డు అను శాస్త్రజ్ఞుడు పొగాకు మొక్కలకు వచ్చు వలయపు మచ్చల తెగులును పరీక్షించుచుండెను. క్రింది యాకులు మచ్చలుపడి చెడియుండగా, తరువాత పుట్టిన పై యాకులు నిర్మలముగా నుండెను. వానికి తెగులు రసమును మరల పూసినను తెగులు రాలేదు. ఆయన చూచినది సత్యమే; కారణము మాత్రము డెబ్బది యేండ్లు మఱుగుపడి యుండెను.

1999లో ఇంగ్లండునందలి నార్విచ్ నగరమున హామిల్టన్, బాల్కూంబ్ అనువారు వైరసు సోకిన మొక్కలలో మిక్కిలి చిన్న ఆర్.ఎన్.ఏ. తునకలను కనుగొనిరి. ఆర్.ఎన్.ఏ. యనునది నాలుగు రకముల పూసలతో గ్రుచ్చిన దండ వంటిది. ఆ తునకల పొడవు సుమారు 25 పూసలు.

మొక్కలను బాధించు వైరసులలో పెక్కింటికి ఈ దండయే ప్రాణము. అది కణములో జొచ్చి తన ప్రతులు చేసికొనునపుడు రెండు పేటలగును. అట్టి పొడవైన జంటపేట ఆరోగ్యముగల కణములో సాధారణముగా నుండదు. కనుక మొక్క దానిని పరాయిదానిగా నెంచి, డైసరు జాతి ప్రోటీనులతో 21, 22, 24 పూసల తునకలుగా కోయును. ఆర్గొనాటు అను మఱియొక ప్రోటీను ఆ తునకలో ఒక పేటను పట్టుకొని, దానికి సరిపడు వైరసు దండ యెక్కడ కనబడినను ఖండించును. (ఆర్గొనాటు ఒక చిన్న సముద్రజంతువు. ఈ ప్రోటీను లోపించిన మొక్క ఆకులు దానివలె కనబడుటచే ఆ పేరు వచ్చినది.) శత్రువునుండి కోసిన ముక్కయే శత్రువునకు ఆనవాలు! ఆ యానవాళ్లు ఈనెల వెంట ముందుగా పోవుటచే లేతయాకులు కాపాడబడును.

వైరసు మాత్రము ఊరకుండునా? టమాటాను గిడసబార్చు వైరసొకటి, ఆ చిన్న తునకలను పట్టి బంధించు ప్రోటీనును తయారుచేయును. ఈ యెత్తునకు పైయెత్తు నాకు బైబిలు కాలపు ముట్టడులకంటె ఆశ్చర్యకరముగా నున్నది.

నిరుడు మా హాస్టలు తోటలో పిల్లలు నీళ్లు మోసి పెంచిన బొప్పాయి చెట్ల కాయలపై వలయములు పడగా, అన్నిటిని పెఱికివేయవలసి వచ్చెను. “పొగాకు కోలుకొనెనే, మన బొప్పాయి కోలుకొనలేదేమి, మాష్టారూ?” అని యొక బాలిక యడిగెను. ఆ వైరసుకును మొక్క రక్షణను అణచు ప్రోటీను కలదు. 1992లో హవాయి దీవిలోని పూనా ప్రాంతమున ఆ తెగులే ప్రవేశించి తోటలను పాడుచేసెను. గొన్సాల్వెస్ అనువారును వారి సహచరులును వైరసు పైపొరకు చెందిన జన్యువును బొప్పాయిలో ముందే చేర్చిరి. ఆనవాలు ముందే చేతనున్న చెట్టు వైరసును ఓర్చెను. ఆ “రెయిన్‌బో” రకము 1998లో రైతులకు ఈయబడెను.

మాకట్టి విత్తనము లేదు. తెగులును మోయునది పేనుబంక గనుక, ఇప్పుడు నాటిన మొక్కల యాకుల అడుగుభాగమును ఎనిమిదవ తరగతివారు ప్రతి ఉదయమును చూచుచున్నారు.