మా జీపుకు పెద్ద చక్రాలు

జీపు చక్రాల సంగతి ఈ పత్రికలో ఎందుకని చదువరులు అనుకోవచ్చు. అయితే మన పల్లెల్లో పాత జీపు ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వాటికి పెద్ద టైర్లు వేయించి, కమాను కట్టలు ఎత్తించి, మడ్‌గార్డులు కోయించాలని ముచ్చటపడే యువకులూ ఉన్నారు. మా ఇంట జరిగినది చెబితే ఒక కుటుంబానికైనా ఉపయోగపడుతుందని వ్రాస్తున్నాను. ఇందులో మా అబ్బాయి తప్పు కంటె నా తప్పే పెద్దదని ముందే ఒప్పుకుంటున్నాను.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో పంట కాలువ గట్టునున్న చిన్న గ్రామం. నేను బడిపంతులుగా పనిచేసే రోజుల్లో, 1999లో, ఒక పాత మహీంద్రా జీపు కొన్నాను. అది 1994 మోడలు. దాని టైర్ల సైజు 6.00-16. అంటే టైరు వెడల్పు 6 అంగుళాలు, రిమ్ము వ్యాసం 16 అంగుళాలు. ధాన్యం బస్తాలు, ఎరువులు, పెండ్లివారు, రోగులు అందరూ ఆ జీపులోనే తిరిగారు. ఆదివారం మా అమ్మ ముందు సీటులో కూర్చుంటే, వెనుక ఇరుగుపొరుగు పిల్లలు కిక్కిరిసి ఎక్కి గుడికి వచ్చేవారు.

2021 ఆగస్టులో ఒక రాత్రి పక్కింటి అమ్మాయికి నొప్పులు మొదలైనవి. వాన ఎడతెరిపి లేకుండా పడుతున్నది. చేపల చెరువులకు మేత తోలే ట్రాక్టర్లు మా రోడ్డును లోతైన గాళ్ళు చేసి పెట్టాయి. 108 బండి మెయిన్ రోడ్డు మీదనే ఆగిపోయింది. మా అబ్బాయి జీపు తీశాడు. సగం దూరం వెళ్ళేసరికి వెనుక చక్రాలు బురదలో తిరగడమే గాని బండి కదలలేదు. వాడు ముందు చక్రాలకు కూడా ఇంజను బలం ఇచ్చే చిన్న గేరు రాడ్డు లాగి చూశాడు. ఏమీ కాలేదు.

"ఆ గేరు ఎప్పుడో పోయిందిరా, వదిలెయ్యి" అన్నాను.

ట్రాక్టరు వచ్చి లాగేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలో ఆ పిల్ల పడిన బాధను, ఆమె తల్లి ముఖాన్ని నేను నేటికీ మరువలేను. దేవుని కృపవలన తల్లీబిడ్డలు క్షేమముగా ఇంటికి వచ్చారు. కాని మా అబ్బాయి మనస్సులో ఆ రాత్రి నిలిచిపోయింది.

"నాన్నా, మన టైర్లు చిన్నవి. గాడిలో ఇరుసు డబ్బా నేలకు ఆనుకుంటున్నది. పెద్ద టైర్లు వేయిద్దాం" అన్నాడు.

వాడి మాటలో నిజం లేకపోలేదు. వెనుక ఇరుసు మధ్యనుండే గుండ్రని డబ్బా నేలకు ఎంత ఎత్తున ఉంటుందో అది టైరు మీదనే ఆధారపడుతుంది. కమాను కట్టలు ఎంత లేపినా బాడీ లేస్తుంది గాని ఇరుసు లేవదు. పెద్ద టైరు వేస్తే మాత్రమే ఇరుసు లేస్తుంది. అదికూడా టైరు పెరిగినంత కాదు, అందులో సగమే. 6.00-16 టైరు నిలువు కొలత సుమారు 29 అంగుళాలు. వాడు వేయించదలచిన 7.50-16 టైరు సుమారు 32 అంగుళాలు. మూడు అంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒకటిన్నర అంగుళం.

ఆ ఒకటిన్నర అంగుళం కోసం 2023 సంక్రాంతి వెళ్ళగానే పని మొదలుపెట్టారు. పాత రిమ్ములు అంత వెడల్పు టైరుకు చాలవు గనుక వేరే రిమ్ములు కొన్నారు. కొత్త టైర్లు పాత మడ్‌గార్డులో తిరగవు. అందుచేత ముందు మడ్‌గార్డుల అంచును రెండంగుళాలు కోశారు. టైరు బయటకు పొడుచుకువస్తే బురద, రాళ్ళు వెనుకవారి మీదికి ఎగురుతాయని, కోసిన అంచుకు రేకు అతికి బయటకు పెంచారు. కమాను కట్టలకు ఒక్కొక్క పట్టీ అదనంగా వేసి, కట్టను ఛాసిస్‌కు పట్టే షాకిల్స్ పొడవైనవి బిగించారు. మొత్తం 75,000 రూపాయలయింది. అందులో సగం వాడు దాచుకున్న జీతం.

ఆ సాయంకాలం జీపు ఇంటికి వచ్చినప్పుడు పిల్లలందరూ చుట్టూ చేరారు. బండి చూడటానికి బాగున్నదని నేనూ ఒప్పుకోవాలి. అమ్మ మాత్రం అరుగు మీద నుండి చూసి, "ఒరేయ్, ఇది జీపా, ఏనుగా?" అన్నది.

ఆదివారం ఆమె ఎక్కలేకపోయింది. ఆమెకు 81 సంవత్సరాలు. ఇద్దరు కుర్రవాళ్ళు చెరొక చెయ్యి పట్టి లేపి కూర్చోబెట్టారు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కాని తరువాతి రెండు ఆదివారాలు మోకాళ్ళ నొప్పులని చెప్పి ఇంటిలోనే ఉండిపోయింది. అసలు సంగతి మా కోడలు కనిపెట్టింది. పదిమందిలో తనను బస్తాలా ఎత్తడం ఆమెకు చిన్నతనంగా ఉన్నదట. మా అబ్బాయి ఆ రాత్రే వడ్రంగి దగ్గరకు వెళ్ళి ఒక పీట చేయించి తెచ్చాడు. వాడి మనస్సు మంచిదని చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

నాలుగైదు నెలల్లో మరికొన్ని సంగతులు బయటపడ్డాయి. స్టీరింగు బరువెక్కింది. తిన్నని రోడ్డు మీద కూడా బండి అటూ ఇటూ లాగుతున్నది. వేగం పెరిగితే అడుగున ఏదో వణుకు. టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది గనుక, మీటరు 40 చూపినప్పుడు నిజమైన వేగం 44 దాకా ఉంటున్నది. బురదలో లాగే బలం పెరగకపోగా తగ్గింది. పెద్ద చక్రాన్ని తిప్పడానికి ఇంజను ఎక్కువ శ్రమపడాలి గదా! బ్రేకు కూడా మునుపటి కంటె గట్టిగా తొక్కవలసి వస్తున్నది. ఇవన్నీ మేము చూశాము, చూసి ఊరకున్నాము.

2023 జూన్‌లో, కాలువకు నీళ్ళు వదిలిన రోజుల్లో, ఒక ఆదివారం ఉదయం ఎనిమిది మందిమి జీపులో బయలుదేరాము. లాకుల దగ్గర గట్టు ఎడమకు బాగా తిరుగుతుంది. మా అబ్బాయి స్టీరింగు పూర్తిగా తిప్పాడు. చక్రం దగ్గర రేకు గీసిన చప్పుడయింది. వాడు బ్రేకు తొక్కాడు. పెడలు నేలకు పోయింది.

"నాన్నా, బ్రేకు లేదు!" అన్నాడు.

మాది పాత జీపు. నాలుగు చక్రాల బ్రేకుకూ ఒకే ఆయిలు దారి. ఒకచోట కారితే నాలుగూ పోతాయి. వాడు గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, బండిని గట్టు లోపలి వైపునున్న గడ్డివాములోకి పోనిచ్చాడు. దిగి చూస్తే వెనుక చక్రానికి, కాలువ అంచుకు మధ్య రెండు మూరల నేల ఉన్నది. అమ్మ మోచేయి గీసుకుపోయింది. మిగిలిన వారికి ఏమీ కాలేదు. పిల్లలు ఏడుస్తున్నారు. అమ్మ మనవడి తలమీద చెయ్యి వేసి, "నువ్వు బాగానే తోలావురా అబ్బాయ్" అన్నది. వాడు గడ్డివాము ప్రక్కన కూలబడి పెద్దగా ఏడ్చాడు.

మరునాడు పొరుగూరి నుండి పాత మేస్త్రి గారిని పిలిపించాము. నలభై ఏళ్ళుగా జీపుల మీదనే బ్రతికిన మనిషి. ఆయన ఎవరినీ నిందించలేదు. జీపు ముందు చక్రం ఒకటి దిమ్మె మీదికి ఎక్కించి, బండిలో ఎనిమిది బస్తాలు వేయించి, మడ్‌గార్డు లోపలి అంచుకు సుద్ద పూసి, స్టీరింగు కుడికి, ఎడమకు చివరి దాకా తిప్పించాడు. టైరు మీద తెల్లని గీత పడింది.

"మాస్టారూ, షెడ్డులో బండిని ఖాళీగా సిమెంటు గచ్చు మీద నిలబెట్టి తిప్పి చూసి ఉంటారు. అక్కడ తగలదు. బరువేసి, ఒక చక్రం ఎత్తుగా, ఒకటి పల్లంగా ఉండి, మలుపు తిప్పినప్పుడు తగులుతుంది" అన్నాడు.

తరువాత బ్రేకు హోసు చూపించాడు. బండి లేచింది గాని రబ్బరు హోసు పాత పొడవే. లాగి కట్టినట్లయి, మలుపులో టైరు ప్రక్క దానిని రాస్తున్నది. నెలల తరబడి రాసి రాసి ఆ రోజు తెగింది. పొడవైన షాకిల్స్ వలన ముందు ఇరుసు నిలబడే వంపు మారింది. అందుకే స్టీరింగు తనంతట తాను తిన్నబడటం లేదు. వెనుక ప్రొపెల్లర్ షాఫ్టు ఏటవాలు పెరిగి దాని క్రాసులు అరిగాయి. ఆ వణుకు అదే.

"ఒకటి మారిస్తే దానితో ముడిపడినవి అన్నీ మార్చాలి. హోసులు పొడవు చేయాలి, ఇరుసు వంపు సరిచేయాలి, షాఫ్టు చూడాలి, బ్రేకులు పెంచాలి. మీరు చక్రం ఒక్కటే మార్చారు" అని చెప్పి, మేస్త్రి గారు వంగి ముందువైపు చూశాడు. "ఇంతకూ మీ ముందు షాఫ్టు ఏది?"

నేను జవాబు చెప్పలేకపోయాను. మా అబ్బాయి నా వైపు చూశాడు.

ఆ షాఫ్టు మా అటక మీద గోనె సంచిలో ఉన్నది. 2008లో దాని క్రాసు అరిగి చప్పుడు చేస్తుంటే, బాగుచేయించడానికి డబ్బు ఎందుకని, అది లేకపోతే డీజిలు కూడా కలిసి వస్తుందని ఎవరో అంటే విని, విప్పించి పైన పడేశాను. గేరు పాడు కాలేదు. నేనే విప్పించాను. ఆ వాన రాత్రి "గేరు పోయింది" అన్నది అబద్ధమే. వాడు పెద్ద టైర్లు అన్నప్పుడైనా నిజం చెప్పవలసినది. పదిహేనేళ్ళ నా పిసినారితనం బయటపడుతుందని ఊరకున్నాను. దానికి తోడు ఆ రాత్రి టైర్లు కూడా పూర్తిగా అరిగి నున్నగా ఉన్నాయి. వాడి 75,000 రూపాయలు, అమ్మ చిన్నబోవడం, ఎనిమిది మంది ప్రాణాలు, ఇవన్నీ నా ఒక్క మాటతో ముడిపడి ఉన్నాయి.

అటక మీద నుండి సంచి దింపి, వాడి ముందు పెట్టి ఉన్నదున్నట్లు చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "ఆ రాత్రి ఇది ఉంటే వెళ్ళిపోయేవాళ్ళం నాన్నా" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అన్నా నేను పడవలసినవాడనే.

మేస్త్రి గారు షాఫ్టుకు కొత్త క్రాసులు వేసి బిగించాడు. కమాను కట్టలలోని అదనపు పట్టీలు, పొడుగు షాకిల్స్ తీసివేశాడు. హోసులన్నీ కొత్తవి వేశాడు. లోతైన గాళ్ళున్న బురద టైర్లు వేయించాము, సైజు మాత్రం పాత 6.00-16. ఇరుకైన టైరు మెత్తని బురద పైపొరను కోసుకొని క్రిందనున్న గట్టినేలను పట్టుకుంటుందని, మన రేగడి దారులకు అదే మేలని ఆయన అనుభవం. మడ్‌గార్డులకు రేకు అతికించి పాత ఆకారానికి తెచ్చాడు. అతుకు గీత ఇప్పటికీ కనిపిస్తుంది. రంగు వేసి కప్పవద్దని నేనే చెప్పాను.

2024లో జీపు రిజిస్ట్రేషన్ మరల ఐదేళ్ళకు పొడిగించవలసి వచ్చింది. తనిఖీకి వెళ్ళినప్పుడు చట్టం సంగతి కూడా తెలుసుకున్నాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్.సి.లో ఉన్నదానికి భిన్నంగా బండిని యజమాని తన ఇష్టం చొప్పున మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టం చేసింది. అదే సంవత్సరం వచ్చిన సవరణ చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వారు పరిహారానికి అడ్డు చెప్పడానికీ అది కారణం కావచ్చు. ఇది మాకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

మీ ఇంట ఎవరైనా బండికి పెద్ద చక్రాలు వేయిస్తానంటే వెంటనే కోప్పడవద్దు. ఎందుకు కావాలో అడగండి. ఆ అవసరానికి పెద్ద చక్రమే మందా, లేక అటక మీద ఏదైనా షాఫ్టు పడి ఉన్నదా చూడండి. కంపెనీ ఆ మోడలుకు ఒప్పుకున్న సైజు దాటవద్దు. ఏ మార్పుకైనా ముందు రవాణా కార్యాలయంలో అడగండి. టైరు ఏదైనా సరే, మనుషులను ఎక్కించక ముందు బరువేసి, ఒక చక్రం ఎత్తులో పెట్టి, స్టీరింగు చివరి దాకా తిప్పి, హోసులకు, రేకులకు తగలడం లేదని కళ్ళతో చూడండి.

2024 వానాకాలంలో ఒకనాడు అదే బురదలో, అదే చోట, మా అబ్బాయి ఆ చిన్న గేరు రాడ్డు లాగాడు. నాలుగు చక్రాలూ పట్టుకున్నాయి. జీపు మెల్లగా, మూలుగుతూ, ఒడ్డెక్కింది. వాడు నా వైపు చూసి నవ్వాడు.

జీపు ఎత్తు తగ్గినా అమ్మ పీటను పారవేయనివ్వలేదు. "మనవడు నా కోసం చేయించినది" అని అరుగు మీద వేసుకొని కూర్చుంటున్నది. ఆదివారం మాత్రం కమ్మీ పట్టుకొని, ఎవరి సహాయమూ లేకుండా, తానే ఎక్కి ముందు సీటులో కూర్చుంటుంది.