అబిడ్సులో గొడుగు బేరం

మా మేనల్లుడు అమెరికా నుంచి సెలవు మీద వచ్చాడు. వచ్చిన నాలుగో నాడు అక్కయ్య నన్ను వంటింట్లోకి పిలిచి, "ఒరేయ్ తమ్ముడూ, వీడు అక్కడ విమానంలోంచి దూకుతున్నాట్టరా! దూకితే దూకాడు, ఇప్పుడు ఉన్న గొడుగు అమ్మేసి ఇంకా చిన్న గొడుగు కొంటాట్ట. నీ మాటంటే వాడికి గురి. కాస్త చెప్పి చూడు" అంది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, పారాచూట్ల సంగతి నాకేం తెలుసు? అయినా అక్కయ్య మాట. అది జనవరి నెల, పైగా ఆదివారం. "పదరా, అబిడ్సులో పాత పుస్తకాలు చూసుకుని, అట్నుంచి నాంపల్లి నుమాయిష్‌కి పోదాం" అని వాణ్ణి బయల్దేరదీశాను.

అబిడ్సును ఆదివారం నాడు చూడాలి. వారమంతా బట్టల కొట్లూ చెప్పుల కొట్లూ రాజ్యమేలిన వీధి, షట్టర్లు దించగానే సరస్వతికి మెట్లు అప్పజెప్పుతుంది. పేవుమెంటు మీద పట్టాలు పరిచి, వైద్యశాస్త్రం పక్కన వంటల పుస్తకం, దాని పక్కన అట్ట ఊడిన నిఘంటువు పెట్టి కూర్చుంటారు. ఆరో నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ ఒకప్పుడు ఇక్కడ దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, ప్రభువులు పోయారు, పేరు మాత్రం పేటకు మిగిలింది.

మూసి ఉన్న ఒక బట్టల కొట్టు ముందు ఆగాను. చిన్నప్పుడు బడి తెరిచే ముందు అమ్మ నన్ను అక్కడికే తీసుకొచ్చేది. "పెరిగే పిల్లాడండీ, ఒక సైజు పెద్దది ఇవ్వండి" అనేది. జూన్‌లో చొక్కా మోకాళ్ళ దాకా వేలాడేది. సరిపోయే నాటికి మోచేతులు చిరిగిపోయేవి. ఈ మాట చెబితే మావాడు నవ్వి, "మా దాంట్లో తిరకాసు అదే మామయ్యా. కొత్తవాడికి పెద్దది ఇస్తారు. పెరిగేకొద్దీ చిన్నది తొడుగుతారు" అన్నాడు.

ఇదే అదననుకుని, నెహ్రూ విగ్రహం దాటి, ఒక ఇరానీ హోటల్లో కూర్చోబెట్టాను. చాయ్ వచ్చింది, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. బిల్లు కాగితం వెనక వాడు బొమ్మ గీశాడు.

గొడుగు అంటే గుండ్రటిదనుకున్నాను. కాదట. ఇది పొడవాటి పరుపులాగా గదులు గదులుగా ఉంటుంది. ముందువైపు నోళ్ళలోంచి గాలి దూరి రెక్కలాగా ఉబ్బుతుంది. డొమినా జాల్బర్ట్ అనే ఆయన 1960లలో కనిపెట్టిన పద్ధతి. పాత గొడుగు మనిషిని నెమ్మదిగా దింపేది. ఇది మనిషిని తీసుకుని ఎగురుతుంది. ఎంత వేగంగా ఎగురుతుందన్నది చాలావరకు ఒక భాగహారం మీద ఆధారపడి ఉంటుంది: మనిషి, సామాను కలిసిన బరువును పౌనుల్లో తీసుకుని గుడ్డ వైశాల్యంతో, అంటే చదరపు అడుగులతో, భాగించాలి. మావాడు నూటఅరవై పౌన్లు, సామాను ముప్ఫై. గుడ్డ 190. సరిగ్గా ఒకటి.

"స్నేహితుడొకడు 150 అమ్ముతున్నాడు, చవగ్గా" అన్నాడు, కళ్ళు మెరిశాయి.

190ని 150తో భాగించాను. 1.27 వచ్చింది. వేగం ఆ లెక్కకు వర్గమూలం చొప్పున పెరుగుతుంది గనక పన్నెండు, పదమూడు శాతమే ఎక్కువ. నేలను తాకే దెబ్బ మాత్రం ఇరవైఏడు శాతం ఎక్కువ! అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటుందని వాడే చెప్పాడు. చిన్న గుడ్డకు తాళ్ళు పొట్టి. చెయ్యి కాస్త లాగితే చాలు, గిర్రున ఒరిగి తిరుగుతుంది, తిరిగేటప్పుడు తల వంచి కిందికి మునుగుతుంది. ఎత్తున ఉన్నప్పుడు అది సరదా. నేలకు దగ్గర్లో అయితే లేచే వ్యవధి ఉండదు.

"మీవాళ్ళు దీనికి లెక్కేమీ పెట్టుకోలేదుట్రా?"

పెట్టుకున్నారు. అక్కడ చాలామంది వాడే ఒక మోటు లెక్క ఉంది: మొదటి వంద దూకుళ్ళ దాకా ఆ భాగఫలం ఒకటి దాటకూడదు, ఆపైన ప్రతి వందకూ పదోవంతు పెంచుకోవచ్చు. కాగితం నా చేతికి లాక్కున్నాను. 170 గుడ్డ అయితే 1.12, అంటే రెండువందల ఇరవై దూకుళ్ళు. 150కి మూడువందల డెబ్భై. "నువ్వెన్ని దూకావు?" అన్నాను. "నూటనలభై" అన్నాడు, చాయ్ కప్పులోకి చూస్తూ. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత తృప్తిగా పేపరు దిద్దిన జ్ఞాపకం నాకు లేదు.

అప్పుడు వాడు అసలు సంగతి చెప్పాడు. వాడితోపాటు నేర్చుకున్న కుర్రాడొకడు చిన్న గుడ్డకు త్వరగా మారాడట. దిగేచోట ఎదురుగా కంచె కనిపించి, కంగారులో ఒక పక్క తాడు గట్టిగా లాగాడు. తొడ ఎముక విరిగింది. గొడుగుకు ఏ లోపమూ లేదు, నిండుగా విచ్చుకునే ఉంది. మనిషి మరిచిపోతే రెండో గొడుగు తనంతట తెరిచే యంత్రం ఉన్నా, విచ్చుకున్న గొడుగును తప్పుగా తిప్పేవాణ్ణి అది కాపాడలేదు. "వాడికి లెక్క సరిపోయింది మామయ్యా, చెయ్యే సరిపోలేదు" అన్నాడు.

చెయ్యి సరిపోవడమంటే ఏమిటని అడిగాను. ఉన్న పెద్ద గుడ్డ మీదే, ఒరగకుండా దిశ మార్చగలగాలి. కాలు మోపబోయే ముందు రెండు తాళ్ళూ లాగి వేగం చంపుతారు కదా, ఆ లాగుడు మధ్యలోనే పక్కకు తప్పుకోగలగాలి. అడ్డగాలిలోనూ, గాలి లేని రోజూ నిలబడి దిగాలి. అనుకున్నచోట, పది మీటర్ల లోపల, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ దిగాలి. "ఇవన్నీ నీకు వచ్చా?" అంటే, "కొన్ని" అన్నాడు. నిజం చెప్పేవాడే, అంతవరకు అక్కయ్య పెంపకం బాగుంది.

అక్కణ్ణుంచి నాంపల్లి రోడ్డు పట్టాం. 1907లో కట్టిన రైలుస్టేషను ముందు ఆటోలు, పెట్టెలు, సందడి. నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్సులో పుట్టి, 1946లో ఇప్పటి మైదానానికి మారింది. కాశ్మీరు శాలువలూ, మిర్చి బజ్జీలూ, తప్పిపోయిన పిల్లల పేర్లు చదివే మైకూ అన్నీ దాటి మావాడు నన్ను మృత్యుకూపం దగ్గరికి లాక్కుపోయాడు.

చెక్కపలకల బావి. మోటారు సైకిలువాడు ముందు అడుగున ఏటవాలు పలకల మీద చుట్లు తిరిగి, వేగం పుంజుకున్నాక గాని నిలువు గోడ ఎక్కలేదు. ఆట అయ్యాక మావాడు వచ్చీరాని హిందీలో, ఎలా నేర్చుకున్నావని అడిగాడు. తల తిరగకుండా ఉండడానికే నెలలు పట్టిందనీ, ఉస్తాదు చెప్పిన రోజునే గోడ ఎక్కాననీ చెప్పాడు.

"నేను సిద్ధమేనని నీకే అనిపిస్తే?"

"అలా అన్నవాణ్ణి ఉస్తాదు ఇంకో నెల కిందే తిప్పుతాడు సాబ్" అని నవ్వి, చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

గేటు బయట మావాడు ఫోను తీసి ఏదో రాశాడు. "150 వేరేవాళ్ళకి ఇచ్చెయ్యమన్నాను" అన్నాడు. ఒక నిమిషం ఆగి, "170 అయినా ఇప్పుడే కాదులే. వెళ్ళాక ముందు మా నేర్పే ఆయన చూడాలి" అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అక్కయ్య గుమ్మంలోనే ఉంది. వాణ్ణి లోపలికి పోనిచ్చి, "ఏమన్నాడురా?" అంది.

"రెండు పుస్తకాలు కొన్నాడు."

"పుస్తకాలు సరే, గొడుగో?"

"వాళ్ళ ఉస్తాదును అడగాలిట."

"ఉస్తాదెవర్రా మధ్యలో?" అంటూ అక్కయ్య నా వెనకాలే వంటింటి దాకా వచ్చింది.