జహీరాబాదు ఎర్రనేలలో పన్నెండు పంటలు

హైదరాబాదు నుండి ముంబాయి పోయే జాతీయ రహదారి మీద సంగారెడ్డి, సదాశివపేట దాటి సుమారు 100 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే జహీరాబాదు పట్టణం వస్తుంది. మరికొంత ముందుకు పోతే కర్ణాటక రాష్ట్రం. 2016 అక్టోబరు వరకు ఇది మెదక్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. ఇక్కడి నేల కొన్నిచోట్ల ఇటుకపొడిలాగా ఎర్రగా ఉంటుంది, కొన్నిచోట్ల నల్లరేగడి. చాలా పొలాలకు వానే ఆధారం. అయినా ఈ ప్రాంతపు పేద స్త్రీలు తమ ఇంటి తిండిని తామే పండించుకొని, విత్తనం కూడా ఇంటిలోనే దాచుకొని, దేశదేశాల వారు వచ్చి చూసేటట్లు చేశారు.

సంక్రాంతి వెళ్ళిన వారంలో మా సంఘంలోని ఆరు రైతు కుటుంబాలతో కలిసి ఈ పల్లెలను చూడడానికి వెళ్ళాను. మా పాస్టరేటు నల్లగొండ వైపు ఉంది. అక్కడ పత్తి ఎక్కువ. రెండెకరాలున్న విశ్వాసి రెండెకరాలూ పత్తే పెట్టి, పప్పు, నూనె, ఉల్లిగడ్డ, చివరకు కొత్తిమీర కట్ట కూడా అంగడిలో కొంటున్నాడు. పత్తికి ధర లేని ఏడాది పొయ్యి వెలిగించడానికి కూడా అప్పే. అటువంటి ఇండ్లకు కుటుంబ ప్రార్థనకు వెళ్తే, అప్పు తీరేటట్లు ప్రార్థించండి అయ్యగారూ అని అడుగుతారు. ప్రార్థిస్తాము. దానితో పాటు అప్పు పుట్టే చోటును కూడా చూడాలి గదా! అందుకే ఈ ప్రయాణం పెట్టుకున్నాము.

జహీరాబాదును ఆనుకొని ఉన్న పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. 1983లో ఆరంభమైంది. దాని వ్యవస్థాపకులలో ఒకరైన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కన్నుమూశారు. చుట్టుపక్కల పల్లెలలో దళిత స్త్రీలు, ఇతర పేద స్త్రీలు సంఘాలుగా కూడి ఈ సంస్థతో కలిసి పనిచేస్తూ వచ్చారు. వీరిలో చాలామందికి ఉన్నది ఎకరమో రెండెకరాలో, అది కూడా రాళ్ళనేల. ఆ సంస్థ పుట్టిన 1983లోనే మన రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం కూడా వచ్చింది. ఆ పథకం ఎందరి ఆకలినో తీర్చింది. అయితే జొన్నరొట్టె, కొర్రన్నం తినే మెట్టప్రాంతాలలో బియ్యం చౌక కావడంతో పాత పంటలు వెనుకబడ్డాయి. పండించిన దానికి కొనేవాడు లేక ఎన్నో చెలకలు బీడు పడ్డాయి.

మేము చూసిన ఒక చెలక ఎకరంన్నర ఉంటుంది. అందులో వానాకాలంలో జొన్న, కంది, కొర్ర, సజ్జ, పెసర, బొబ్బర, నువ్వు, పుంటికూర కలిపి వేశారు. పన్నెండు పంటలు అని ఇక్కడివారు చెప్పుకొంటారు. కొన్ని పొలాలలో అంతకన్నా ఎక్కువే ఉంటాయి. చూడడానికి కలగాపులగంగా ఉన్నా దానిలో లెక్క ఉంది. పెసర రెండు నెలలు దాటగానే చేతికి వస్తుంది. కొర్ర మూడు నెలలకు వస్తుంది. తరువాత జొన్న. కంది మాత్రం అందరికంటె వెనుక, చలికాలంలో కోతకు వస్తుంది. ఒకేసారి పంట రాదు, ఒకేసారి ఇల్లు ఖాళీ కాదు. కంది వేరు లోతుకు పోయి అడుగు తేమను అందుకుంటుంది. బొబ్బర తీగ నేలమీద పరచుకొని ఎండకు నేల ఆరకుండా కాస్తుంది. పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చుతాయి. అన్నింటికంటె ముఖ్యం, వాన ఆలస్యమై ఒక పంట పోయినా మరొకటి నిలబడుతుంది. యాసంగిలో నల్లనేల మీద నీరు పెట్టకుండానే మంచు తేమతో శనగ, కుసుమ, తెల్లజొన్న పండిస్తారు. కుసుమకు ముండ్లుంటాయి గనుక చేను చుట్టూ వేస్తే పశువు లోపలికి రాదు.

ఆ చెలక గల పెద్దమ్మ ఇంటిలో విత్తనాల అర చూపించింది. వెదురు బుట్టలకు పేడ, మట్టి పూసి, విత్తనాన్ని బాగా ఎండబెట్టి, బూడిదతోను వేపాకుతోను కలిపి మూసిపెట్టారు. ఎవరికైనా విత్తనం కావలసి వస్తే డబ్బు తీసుకోరు. పంట వచ్చాక తీసుకున్న దానికంటె ఎక్కువ కొలిచి తిరిగి ఇవ్వాలి. మాలో ఒక సోదరుడు, "అమ్మా, సంచి విత్తనం దుకాణంలో దొరుకుతుంది గదా, ఇంత కష్టం ఎందుకు?" అని అడిగాడు. ఆమె నవ్వి, "ఇత్తనం మనింట్ల ఉంటె వాన కోసం ఎదురు చూస్తం బిడ్డా. షావుకారి ఇంట్ల ఉంటె షావుకారి కోసం ఎదురు చూడాలె" అన్నది. మా వాడు మరి మాట్లాడలేదు. హైబ్రిడ్ పంట గింజను దాచి మళ్ళీ వేస్తే తల్లిపంట లక్షణాలు ఒక్క తీరుగా రావని రైతులందరికీ తెలిసినదే. గనుక ఏటేటా కొనవలసిందే.

ఈ స్త్రీలు చేసిన మరొక కార్యం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. 1990ల మధ్యలో వారు బీడు చెలకలను మళ్ళీ దున్ని జొన్న వేశారు. సాగుకు తీసుకున్న అప్పును డబ్బుగా కాక జొన్నగా తీర్చారు. ఆ జొన్న ఊరి కొట్టులోనే ఉంటుంది. ఎవరు ఎక్కువ పేదవారో ఊరివారే కూర్చొని తేల్చి, గడ్డుకాలంలో వారికి తక్కువ ధరకు కొలుస్తారు. ఊరి తిండి ఊరిలోనే పండి, ఊరిలోనే పంచబడింది.

ఇదే పాత మెదక్ జిల్లాలో మన క్రైస్తవులందరికీ తెలిసిన మెదక్ మహా దేవాలయం ఉంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరవు రోజులలో ఆకలిగొన్నవారికి పని చూపించి, కూలీగా ఆహారం ఇచ్చి దానిని కట్టించారు. 1924 డిసెంబరు 25న అది ప్రతిష్ఠించబడింది. ఆ కరవులో ఆ ఆహారం ప్రాణాలు నిలిపింది. అయితే కరవు మళ్ళీ వచ్చినప్పుడు? ఒకరు పెట్టే అన్నం ఆ పూటకు నిలబెడుతుంది, మన చేనిలో పండి మన కొట్టులో ఉన్న గింజ మరుసటి ఏటికి కూడా నిలబెడుతుంది. రెండూ ప్రేమ కార్యాలే. మన సంఘాలు మొదటిది నేర్చుకున్నాయి, రెండవది నేర్చుకోవలసి ఉంది.

ఇక్కడ విత్తకుండా దొరికే ఆకుకూరలు ఎన్నో ఉన్నాయి. తుమ్మికూర, గునుగు, పొన్నగంటి, పాయలకూర చేను గట్లమీద వానకు తామే మొలుస్తాయి. గడ్డిమందు కొట్టిన చేనిలో ఇవి ఉండవు. రాగుల సంగతి చూడండి. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పాలిష్ పట్టిన బియ్యంలో అది 10 మిల్లీగ్రాములు మించదు. ఎదిగే బిడ్డకు, బాలింతకు ఏది మేలో తల్లులు ఆలోచించాలి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అంతకు ముందే, 2019లో, ఈ సంస్థకు ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి లభించింది. 2008లో మాచనూరులో సంగం రేడియో ఆరంభమైంది. ఈ పల్లె స్త్రీలే దానిని నడిపిస్తూ వచ్చారు.

అంతా సుఖమే అని నేను వ్రాయను. కలిపి వేసిన పంటను యంత్రంతో కోయలేము, చేతితోనే కోయాలి. కొర్ర, సామ పొట్టు తీయడం కష్టమైన పని. పిట్టల కాపలా ఉండాలి. పిల్లలు జొన్నరొట్టె వద్దని తెల్లన్నం అడుగుతారు. ఇదే ప్రాంతంలో న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో పారిశ్రామిక మండలి కోసం సుమారు 12,600 ఎకరాల భూసేకరణ తలపెట్టారు. దానితో ఎన్నో పొలాల భవిష్యత్తు చిక్కులో పడింది. భూమి చేతిలో ఉన్నప్పుడే విత్తనానికి విలువ. గనుక ఉన్న ఎకరం అమ్ముకునే ముందు భార్యాభర్తలు కూర్చొని పదిసార్లు ఆలోచించాలి.

తిరుగు ప్రయాణంలో మావాళ్ళు లెక్కలు వేసుకున్నారు. మూడు కుటుంబాలు వచ్చే వానాకాలం అరెకరం చొప్పున ఇంటి తిండికి వదులుతామన్నాయి. రెండు కుటుంబాలు పెరటితో మొదలుపెడతామన్నాయి. ఒక సోదరుడు మాత్రం, "అయ్యగారూ, నాది కౌలు పొలం. ముందే నగదు కట్టాలి, పత్తి తప్ప నాకు దారి లేదు" అన్నాడు. ఆయన మాట నిజం. అతనిని నిందించే హక్కు ఎవరికీ లేదు. మందిరం వెనుక ఖాళీగా ఉన్న నాలుగు గుంటలను అతని భార్యకు కూరగాయల కోసం ఇవ్వాలని సంఘ పెద్దలను అడుగుదామని అనుకున్నాము.

ప్రియ చదువరులారా, పొలం లేనివారు కూడా చేయగలిగినవి ఉన్నాయి. స్నానాల నీరు పోయే చోట ఒక అరటి, ఒక బొప్పాయి పెట్టండి. వాన ముందు మునగ కొమ్మ నాటితే చాలు, బ్రతుకుతుంది. పందిరి మీద బీర, సొర, చిక్కుడు ఎక్కించండి. మొదట కాసిన మంచి కాయను కోయకుండా తీగమీదనే ఎండనిచ్చి విత్తనానికి ఉంచండి. ఆ విత్తనంలో గుప్పెడు పొరుగింటికి ఇవ్వండి. పేడ, చెత్త, ఆకులు ఒక గుంటలో వేసి నాలుగు నెలలు మాగనిస్తే ఎరువు కొనే పని ఉండదు. ప్రతి నెలా అంగడిలో కూరలకు, పప్పుకు ఎంత ఖర్చవుతుందో పుస్తకంలో వ్రాసుకోండి. ఏడాది తరువాత మళ్ళీ చూడండి.

పరదేశంలో చెరగా ఉన్న తన ప్రజలకు దేవుడు యిర్మీయా ద్వారా పంపిన ఉత్తరంలో ఇండ్లు కట్టుకొనుమని, తోటలు నాటి వాటి ఫలాలను తినుమని చెప్పాడు. సొంత దేశం లేనివారికే ఆ మాట చెప్పబడితే, సొంత ఊరు, సొంత పెరడు ఉన్న మనం ఎంత చేయాలి! మృగశిర కార్తె వచ్చేలోగా మీ ఇంటిలో ఏయే విత్తనాలు ఉన్నవో వెదికి చూడండి. లేకపోతే మీ ఊరిలో అందరికంటె పెద్ద వయసు తల్లిని అడగండి. ఆమె చెంగు ముడిలోనో, అటక మీది కుండలోనో ఇంకా కొన్ని ఉండవచ్చు.