అమ్మమ్మ వీణకు పట్టిన దోషం

అమ్మమ్మ పోయాక ఆమె బొబ్బిలి వీణ మూడేళ్లు అటక మీదే ఉంది. దించి, కొత్త తీగలు వేసి శ్రుతి చేసినా మెట్ల మీద అన్నీ అపస్వరాలే. "సరస్వతి అలిగింది, శాంతి చేయించండి" అంది పిన్ని. హేతువాదినని చెప్పుకునే నేనూ ఒక క్షణం తడబడ్డాను. ఇంట్లో అమ్మమ్మ గుర్తుగా మిగిలింది ఆ వీణొక్కటే మరి!

శాంతికయ్యే డబ్బుతో బొబ్బిలి పక్కనే వీణలు చేసే గొల్లపల్లికి తీసుకెళ్లాను. అక్కడి పనివాడొకాయన వరుస చూడగానే చెప్పేశారు. 24 ఇత్తడి మెట్లూ నిలబడేది బొగ్గుపొడి కలిపిన మైనం మీద. రేకుల కప్పు కింద, ఎండ వేడికి మైనం మెత్తబడి మెట్లు కుంగాయి, కొన్ని ఒరిగాయి. అంతే దోషం! పాత మైనం గీకేసి, కొత్తది పెట్టి, ఒక్కో మెట్టూ చెవితో సరిచూస్తూ మళ్లీ మేళం కట్టారు. తీగ సగం పొడవు దగ్గరుండే 12వ మెట్టు మీద పైషడ్జమం సరిగ్గా పలికేదాకా వదల్లేదు. (మొదలెట్టే ముందు వీణకు దణ్ణం పెట్టుకున్నారు. నేనేమీ అనలేదు.)

గుడిగంటలు విన్న పనసచెట్టుకే మంచి నాదం వస్తుందంటారు, నిజమా అని అడిగాను.

"చెట్టు ఏం విందో నాకెలా తెలుస్తుంది బాబూ? చెక్క ఆరిందో లేదో తెలుస్తుంది" అంటూ కుండ మీద వేలితో కొట్టి వినిపించారు.

పిన్ని మళ్లీ శాంతి మాట ఎత్తలేదు. వీణను మాత్రం అటక ఎక్కించనివ్వడం లేదు.